సంవత్సరీకానికి ముందు భోజనం

సీబ్ విమానాశ్రయం, మస్కట్,
నవంబరు 1993.

అక్కయ్యకు,

తమ్ముడు ప్రభాకరం నమస్కారాలు. ఇక్కడ మేము క్షేమమని రాయడం అలవాటు. నేను క్షేమం. నువ్వూ బావగారూ బాగున్నారని తలుస్తాను. ఈ ఉత్తరం పోస్టులో వేయను. ఎల్లుండి నర్సాపురంలో నీ చేతికే ఇస్తాను. ఎదురుగా చెబితే సగంలో ఆపేస్తావు.

అల్ ఖౌద్‌లో ఇల్లు ఖాళీ చేశావా అని అడిగావు. చేయలేదు. రామలక్ష్మి పెంచిన కరివేపాకు కుండీకి పక్కింటి జాహిదా నీళ్ళు పోస్తానంది. సెలవు అయిపోగానే తిరిగి వస్తాను. ఒక్కడివీ ఎలా ఉంటావన్నావు. ఏడాదిగా ఉంటూనే ఉన్నాను.

సంవత్సరీకం నాడు రామలక్ష్మి పటం ముందు విస్తరి వేసి ఇష్టమైనవన్నీ పెట్టాలి, ఏమేమిటో రాయమన్నావు. బొమ్మిడాయిల పులుసు, పనసపొట్టు కూర, గారెలు. ఇవి నీకూ తెలుసు. తెలియనిది ఒకటుంది.

ఇక్కడ విమానాశ్రయంలో కరీబియన్ హోటలు ఉంది. వెదురు తడికలు, తాటాకు కప్పు, గోడ నిండా నీలం సముద్రం. సెలవుకి బయలుదేరిన ప్రతిసారీ దాని ఎదురుగా కూర్చుని, ఇంటినుంచి తెచ్చుకున్న పులిహోర తినేవాళ్ళం. లోపల చేపతోపాటు పండిన అరటికాయ వేయించి పెడతారు. తియ్యటి అరటిపండు చేపతో ఎలా తింటారో, ఒకసారి తిని చూడాలండీ అనేది. మళ్ళీ తనే, పులిహోర పాడైపోతుంది, వచ్చేసారి చూద్దాం లెండి అనేది.

ఇవాళ లోపలికి వెళ్ళాను.

విస్తరి వేసేదాకా నీచు ముట్టకూడదన్నావు. ఏడాది ముట్టలేదు. ఇవాళ ముట్టాను.

వడ్డించే గౌహర్ హైదరాబాదువాడు. నా సంచి మీద తెలుగు చూసి పలకరించాడు. కరీబియన్ అంటే ఏ ఊరి వంట అని అడిగాను.

"నాకేం ఎరుక సార్. వండెటోడు మంగళూరోడు, పాటలు క్యాసెట్లయి. అరటిపండు మాత్రం మస్తుంటది."

ఎదుటి కుర్చీ తీసేయబోతే ఉండనీయమన్నాను.

బాగుంది అక్కయ్యా. మనం పులుసులో బెల్లం వేసినట్టే, చేప కారానికి ఆ తీపి సరిపోయింది. చెబుదామని ఎదుటి కుర్చీవైపు తలెత్తాను. తరవాత ఒక గ్లాసు రమ్ము తాగాను. అది ఆవిడ కోసం కాదు, నా కోసం.

కర్త నిష్ఠగా లేకపోతే పెట్టింది పోయినవాళ్ళకి అందదని రాశావు. అందుతుందో లేదో నాకూ తనకూ మధ్య ఉండనీ. పంతులుగారికి నేనే చెబుతాను. కాదని లేచిపోతే పోనీ.

చేప నిలవుండదు. అరటి ముక్కలు గౌహర్ మరోసారి కరకరలాడేలా వేయించి, రామలక్ష్మి పులిహోర డబ్బాలో సర్ది ఇచ్చాడు. విస్తట్లో ముందు అవే పడాలి. మీ ఇంట్లో కూడదంటే వాకిట్లో నేనే విస్తరి వేస్తాను.

సంవత్సరీకం మర్నాడు తణుకువాళ్ళు నన్ను చూడటానికి వస్తారన్నావు. రావద్దని కబురు చేయి. నువ్వు చేయకపోతే, వచ్చాక నేనే చెబుతాను, నాకు పెళ్ళయిందని.

విమానానికి పిలుస్తున్నారు. డబ్బా ఒళ్ళో పెట్టుకుని వస్తాను.

ఇట్లు,
నీ మాట మొదటిసారి కాదన్న
తమ్ముడు,
ప్రభాకరం