ఓటుకు దొరికిన మినహాయింపు

ఏమండీ... అస్సలాము అలైకుమ్. మీరు వెళ్లిపోయి మూడు నెలలు దాటింది.

నేనింకా ఇద్దత్‌లోనే ఉన్నాను. భర్త పోయిన మనిషి నాలుగు నెలల పది రోజులు ఇంటిపట్టున ఉండాలన్న నియమం నాకు బరువనిపించలేదు. మీ కోసం ఉండే రోజులే కదా... బరువైంది మీ అన్నయ్య.

ఇల్లు గడవక, రోల్డ్‌గోల్డ్ నగలకు రాళ్లు అతికే పాత పనికి పగటిపూట వెళ్లొస్తానన్నాను. హరామ్ అన్నారు. ఎక్కడుందని అడిగితే ఫోన్‌లో ఎవరిదో వీడియో చూపించారు. మదరసాలో ఇన్నేళ్లు మీరు పాఠం చెప్పారు... ముందు ఖురాన్, తర్వాత ప్రవక్త మాట, ఆపైన పండితుల ఏకాభిప్రాయం, చివరికి పోలిక చూసి తేల్చే ఖియాస్. ఈ వరసలో వీడియో ఎక్కడుందండీ?

"వద్దనేవాడే ఆధారం చూపాలి" అనేవారు మీరు. ఆ మాట మీతోనే పోయిందా?

బియ్యం బస్తా మాత్రం వీధంతా చూసేలా ఆటోలో పంపించారు. ఆ అన్నం తినబుద్ధి కాలేదు. అయినా తిన్నాను, పిల్లకీ పెట్టాను. ఈలోగా నగల షాపు నుంచి కబురు... ఈ వారంలో రాకపోతే నా చోటు ఇంకొకరికి ఇచ్చేస్తారట.

నిన్న బందరులో మున్సిపల్ ఎన్నికలు. పొద్దున్నే మీ అన్నయ్యే ఆటో తెచ్చారు. తన మనిషికి ఓట్లు చాలేలా లేవట, బురఖా వేసుకుని త్వరగా రమ్మన్నారు. ఇద్దత్ కదా అన్నాను. అవసరానికి షరియత్‌లో వెసులుబాటు ఉందన్నారు. ఎంత తేలిగ్గా అన్నారో!

వెళ్లాను. ఓటు నాకు నచ్చినవాళ్లకే వేశాను లెండి.

మీరు ఇంట్లో విద్యార్థులకు చెబుతుంటే వంటింట్లోంచి వినేదాన్ని. "ఖురాన్‌లో తాటికల్లు పేరు లేదు. మత్తెక్కిస్తుంది కాబట్టి అదీ వద్దు. కారణం ఒకటైతే తీర్పూ ఒకటే." మరి అవసరమన్నది ఓటుకు సరిపోతే, అన్నానికి సరిపోదా? తిరిగొస్తూ మీ అన్నయ్యను ఇదే అడిగాను. ఆడవాళ్లకు ఖియాస్ ఎందుకన్నారు. ఛీ... మీ తోడబుట్టిన మనిషేనా ఈయన?

రేపటి నుంచి పనికి వెళ్తున్నాను. అవసరముంటే పగలు వెళ్లి రావచ్చని, రాత్రి మాత్రం ఇంట్లోనే ఉండాలని పాత పండితులు రాశారని మీరు చెప్పగా విన్నదే. ఆ షరతు తప్పను. పొద్దుగూకేలోపు ఇల్లు చేరతాను. రాత్రుళ్లు గడప దాటను... అవి మీవి.

మీ మెహరూ