కుడికే తిరిగే ట్యాంకు

అల్తాఫ్ గారికి,

వన్ టౌన్‌లో మీ షాపుకు మూడుసార్లు వచ్చాను. మూడుసార్లూ షట్టర్ దించే ఉంది. ఫోను ఎత్తరు. అందుకే ఈ ఉత్తరం షట్టర్ కిందనుంచి తోసి వెళ్తున్నాను.

నేను మీకిచ్చింది పాత వీడియో గేమ్. ఇద్దరాడే ట్యాంకుల ఆట. మా పెళ్లయిన ఏడాది పోర్టు దగ్గర ఓడ సరుకు అమ్మేవాళ్ల దగ్గర కొన్నాం. బాగు చేయమన్నది టీవీకి వెళ్లే వైరు ఒక్కటే. మీరు అడక్కుండా రెండో జాయ్‌స్టిక్ విప్పి లోపలి స్విచ్ మార్చేశారు. పైగా, "ఎన్నేళ్లబట్టో ఇది ఎడమకి తిరగనే తిరగదు సార్" అన్నారు.

ఆ జాయ్‌స్టిక్ మా ఆవిడ నూకరత్నానిది. ఆమె పోయి ఐదు నెలలైంది. మొదటిది ఎప్పుడూ నేనే తీసుకునేవాణ్ణి. ఆమె ట్యాంకు ఎప్పుడూ కుడికే తిరిగేది. అది చుట్టూ తిరిగి వచ్చేలోగా కాల్చేసేవాణ్ణి.

"ఏటే, ప్రదక్షిణాలు చేస్తన్నావా?" అని ఎగతాళి చేస్తే, "అవునండీ, మీ ట్యాంకు సల్లగుండాలని" అనేది.

ఇన్నేళ్లూ ఆమెకు ఆట రాదనుకున్నాను.

ఇప్పుడది ఎటైనా తిరుగుతోంది. నాకలా అక్కర్లేదు. ఆ పాత స్విచ్ పారేసి ఉంటే మీ చెత్తబుట్టలో వెతకండి. అదే మళ్లీ బిగించండి. తుడవొద్దు, నూనె వేయొద్దు.

శనివారం పదింటికి ఆట పట్టుకుని వస్తాను. దయచేసి షట్టర్ తీసి ఉంచండి. సరిచూడటానికి ఇద్దరు కావాలి. మొదటిది మీరు పట్టుకోండి. రెండోది నాకివ్వండి.

ఇట్లు,
ట్యాంకుల ఆట తాలూకు మనిషి, మల్కాపురం