కొత్త కామ్‌షాఫ్టులకి మెత్తటి కాలు

3వ తారీఖు

మేస్త్రికి,

డ్రైవింగ్ స్కూలు మాస్టారు రాయునది. నేను క్షేమం. నా కారు క్షేమం కాదు.

రెండేళ్ళ కిందట క్లచ్ దగ్గర మనకి మాటా మాటా వచ్చినప్పుడు, ఇంక నీ షెడ్డు గడప తొక్కనని నలుగురి ముందు ఒట్టేశాను. ఒట్టంటే ఒట్టే. అందుకని కారుకి తాడు కట్టించి పంపిస్తున్నాను, ఈ ఉత్తరం మా ఆవిడ చేతికిచ్చి పంపిస్తున్నాను. ఫోన్లో మాట్లాడదామంటే మనిద్దరికీ మూడో మాటకే గొంతులు లేస్తాయి. ఊళ్ళో ఇంకో మెకానిక్కు ఉంటే నీకు రాసే ఖర్మ నాకు పట్టేది కాదు. ఉన్నవాళ్ళకి రేడియో బిగించడం తప్ప ఏం రాదు.

ఇంజన్లో టకటకమని చప్పుడు. పొద్దున మెల్లగా మొదలై, మూడో మలుపు తిరిగేసరికి ఎవరో తలుపు బాదుతున్నట్టు వినిపిస్తుంది. లాగుడు కూడా లేదు.

స్కూలుకున్నది ఈ ఒక్క కారే. ఇరవై ఎనిమిదిన ఎనిమిది మందికి లైసెన్సు పరీక్ష ఉంది. ఈమధ్యే ముగ్గురు మానేశారు, నేను అరుస్తానట. అరవకపోతే స్టీరింగు తిరుగుతుందా? ఈ ఎనిమిది మంది కూడా చేజారితే నేను బోర్డు దింపుకుని ఇంట్లో కూర్చోవాల్సిందే. అందుకని తొందరగా కానియ్యి.

ఇట్లు,
మాస్టారు

తా.క.: మా ఆవిడతో ఇంజన్ సంగతులేవీ చెప్పకు. అది ముందుంటుందో వెనకుంటుందో కూడా తెలీదు పాపం. అన్నీ నాకే రాసి పంపు.


5వ తారీఖు

మాస్టారికి నమస్కారాలు.

మూత తీసి చూశాను. వాల్వుల్ని తెరిచి మూసే కడ్డీలు రెండుంటాయి, కామ్‌షాఫ్టులంటారు. గాలి లోపలికి రావడానికొకటి, పొగ బయటికి పోవడానికొకటి. వాటి మీద కోడిగుడ్డు మొనల్లాంటి ఉబ్బులుంటాయి. మీ కారులో ఆ మొనలు అరిగిపోయి బంతుల్లా గుండ్రమయ్యాయి. ఇంక వాల్వులు ఎలా తెరుచుకుంటాయి? ఆ చప్పుడు అదే.

కారణం అడగరని తెలుసు, అయినా చెప్తాను. ఆయిలు. ఎప్పుడు మార్పించారో గానీ, తీస్తే జారలేదు, గరిటతో తోడాల్సొచ్చింది. ఎప్పుడూ ఫస్ట్ గేరూ సెకండ్ గేరూ, ఆగి ఉన్న బండిలో గంటసేపు పాఠం. పై ఎత్తున ఉన్న కడ్డీలకి ఆయిలు అందకపోతే అవి మాత్రం ఏం చేస్తాయి?

రెండూ మార్చాలి. వాటిని తిప్పే గొలుసూ సాగింది, అదీ మార్చాలి. సామాను రావడానికి నాలుగు రోజులు పడుతుంది.

ఉంటాను మరి,
మేస్త్రి

తా.క.: అమ్మగారు ఇంజన్ ముందే ఉంటుందని నేను చెప్పకుండానే కనిపెట్టారు. స్టూలు వేస్తే రెండు గంటలు కూర్చుని చూసి, "ఇది తిరిగితే అది ఎందుకు తెరుచుకుంటుంది?" అనడిగారు. ఇరవై ఏళ్ళలో నా షెడ్డులో ఆ ప్రశ్న వేసిన మొదటి మనిషి ఆవిడే.


6వ తారీఖు

మేస్త్రికి,

ఆయిలు సంగతి నాకు చెప్పకు. నేను డ్రైవింగ్ నేర్పుతున్నది పద్దెనిమిదేళ్ళుగా.

నాలుగు రోజులన్నావు, నీ నాలుగు రోజులు నాకు తెలుసు. క్లచ్ అప్పుడూ నాలుగు రోజులే అన్నావు, పన్నెండో రోజుకి తేలావు. అందుకని ఈసారి నీ మీద నిఘా పెడుతున్నాను. రేపట్నుంచి మా ఆవిడ రోజూ పదింటికి వచ్చి ఐదింటిదాకా నీ షెడ్డులోనే కూర్చుంటుంది. కారుని ఒక్క క్షణం కూడా కళ్ళు దాటనివ్వదు. పైకి మెత్తగా కనిపిస్తుంది గానీ, పట్టుకుందంటే ఉడుం పట్టే. ఆవిడ దగ్గర నీ ఆటలు సాగవు.

ఇట్లు,
అన్నీ తెలిసిన
మాస్టారు

తా.క.: ఆవిడకి ఎంత మాత్రం ఇష్టం లేదు. "ఆ గ్రీజు కంపులో నేనేం కూర్చుంటానండీ" అని గంటసేపు వద్దంది. చివరికి నా మాట కాదనలేక ఒప్పుకుంది. ఈ ముక్క తెల్లారాక రాస్తున్నాను, మనసు సర్దుకున్నట్టుంది, ఏదో పాట పాడుకుంటూ బయల్దేరుతోంది.


11వ తారీఖు

బావగారికి నమస్కారాలు.

శుభవార్త. కొత్త కామ్‌షాఫ్టులు ఎక్కించాను.

పని వివరం రాయమన్నారు కదా, రాస్తున్నాను. పాత షాఫ్టుల మీదుండే క్యాపులన్నిటికీ నంబర్లుంటాయి. ఏది ఎక్కణ్ణుంచి తీశామో మళ్ళీ అక్కడే, అటు తిరిగింది అటే పెట్టాలి. కొత్త షాఫ్టులకి ఆయిలు బాగా పట్టించి కూర్చోబెట్టాను. బోల్టులు మధ్యనుంచి మొదలుపెట్టి, తలా కొంచెం తలా కొంచెం, మూడు దఫాలుగా బిగించాను. ఒక పక్క ఒకేసారి బిగిస్తే షాఫ్టు విరిగి ఊరుకుంటుంది. గుర్తుకి గుర్తు కలిపి గొలుసు వేశాను. చేత్తో ఇంజన్ని రెండు చుట్లు తిప్పితే ఎక్కడా తగల్లేదు. అప్పుడు తాళం తిప్పాను. చప్పుడు లేదు! చెల్లెమ్మ చప్పట్లు కొట్టింది.

అయితే ఒకటి. కొత్త లోహం పాత లోహంతో ఒద్దికగా కలవాలి. మూడువందల కిలోమీటర్లు మెల్లగా, ఎక్కడా ఉలికిపడకుండా నడపాలి. ఇప్పుడే మీకిస్తే మీరు అరుస్తారు. మీ అరుపుకి బెదిరి మీ శిష్యులు బ్రేకనుకుని ఆక్సిలరేటర్ తొక్కుతారు. అంచేత ఆ మూడువందలూ నా దగ్గరే తిరగనివ్వండి. ఇరవై నాలుగుకి ఇచ్చేస్తాను.

సెలవు,
మేస్త్రి

తా.క.: మెత్తటి కాలున్న మనిషి దొరకడం కష్టమనుకున్నాను. దొరికింది.


14వ తారీఖు

మేస్త్రికి,

ఎవరు బావగారు? ఎవరు చెల్లెమ్మ? పనికి పిలిస్తే చుట్టరికం కలుపుతావా?

మూడువందల కిలోమీటర్లట! రేడియోలు బిగించేవాణ్ణి అడిగాను, అలాంటిదేమీ అక్కర్లేదన్నాడు.

అది అలా ఉంచు. నా దగ్గర నేర్చుకునే నర్సమ్మ నిన్న నా కారుని మార్కెట్ వీధిలో చూసిందట. పళ్ళ దుకాణం ముందు, రెండు గీతల మధ్య, తిన్నగా పార్కు చేసి ఉందట. నువ్వు పార్కు చేస్తే రెండు చక్రాలు కాలిబాట మీదుంటాయని ఊరంతా తెలుసు. మరి నా కారు నడుపుతున్నది ఎవరు? ఆ మెత్తటి కాలు ఎవరిది? మా ఆవిణ్ణి అడిగితే, "నేను కారుని వదిలితే కదండీ, నా కళ్ళముందే ఉంటోంది" అంటుంది. అంటే అమాయకురాలి కళ్ళుగప్పి ఏదో చేస్తున్నావు.

ఇట్లు,
కళ్ళు తెరిచే ఉన్న
మాస్టారు

తా.క.: సాయంత్రం ఇంటికొచ్చి కుర్చీలో కూర్చుని, ఎడం కాలు నేలకేసి నొక్కి, మెల్లగా, చాలా మెల్లగా పైకెత్తుతోంది. పదిసార్లు, ఇరవైసార్లు. నీ స్టూలు పొట్టిదై కాలు తిమ్మిరెక్కుతోందని నా అనుమానం. వెంటనే మార్చు.


15వ తారీఖు

బావగారికి,

స్టూలు మార్చాను. ఇప్పుడు కూర్చునే చోటు బాగా మెత్తగా ఉంది, వెనక్కి ఆనుకోవడానికి కూడా ఉంది.

నూట ఎనభై కిలోమీటర్లయ్యాయి. ఆయిలు మార్చాను. ఇంజన్ మీద చెయ్యి పెడితే పిల్లి గురకపెట్టినట్టుంది. నేను మీకు రాసిన దాంట్లో ఒక్క అబద్ధం కూడా లేదు, అది మాత్రం గుర్తుంచుకోండి.

సెలవు,
మేస్త్రి

తా.క.: పార్కింగ్ గురించి నర్సమ్మగారి మెచ్చుకోలు అందాల్సిన వాళ్ళకి అందించాను. అప్పట్నుంచి కాళ్ళు నేల మీద ఆనడం లేదు.


19వ తారీఖు

అయ్యా మేస్త్రిగారూ,

ఇంక నిన్ను మీరు అనే అంటాను. దొంగలకి మర్యాద ఇవ్వాలి కదా.

తెలిసిపోయింది. మీరు దొంగచాటుగా డ్రైవింగ్ స్కూలు పెట్టారు. నా కారుతో! నా బోర్డుతో! బట్టల కొట్టాయన కళ్ళారా చూశాడు. నల్ల కళ్ళద్దాలు పెట్టుకుని, తలకి గుడ్డ కట్టుకుని ఎవరో ఆడమనిషి నడుపుతోందట. పక్కన మీరు నోరెత్తకుండా వేరుశెనక్కాయలు తింటున్నారట. నేర్పేవాడు నోరెత్తకుండా కూర్చోవడం నా పద్దెనిమిదేళ్ళ సర్వీసులో వినలేదు.

నిన్న నా కళ్ళతోనే చూశాను. మేడమీద కిటికీ దగ్గర నిలబడి ఉంటే, మా వీధి చివరి ఎత్తు మీద కారు ఆగింది. వెనకనుంచి తలగుడ్డ కింద ఆవిడ జుట్టు ముడి ఒక్కటే కనిపించింది. ముందు లారీ. నేను ఊపిరి బిగబట్టాను, ఇదిగో వెనక్కి జారుతుంది అనుకున్నాను. జారలేదు. వెంట్రుకవాసి జారలేదు. అంత నున్నగా క్లచ్ వదిలిన మనిషిని నేను తయారుచెయ్యలేకపోయాను. నాకు చాలా బాధేసింది మేస్త్రీ, అబద్ధం ఎందుకు చెప్పాలి. ఎనిమిది మందిలో ఇంకొకరు ఇవాళ మానేశారు.

అందుకే పోలీసులకి ఫిర్యాదు రాశాను. కవరు అంటించి మా ఆవిడ చేతికిచ్చాను, దారిలో స్టేషన్లో ఇచ్చి రమ్మని. మీరు ఇది చదివేపాటికి ఇచ్చే ఉంటుంది.

ఇట్లు,
మీ చేత మోసపోయిన
మాస్టారు

తా.క.: ఆ ఎత్తు మీద బండి నిలిపిన ఆవిడెవరో నాకు చెప్పు. ఉద్యోగమిస్తాను. అలాంటి మనిషి స్కూల్లో ఉంటే పోయినవాళ్ళు తిరిగొస్తారు. ఫిర్యాదు సంగతి ఆ తర్వాత చూసుకుందాం.


20వ తారీఖు

బావగారికి,

ఫిర్యాదు భద్రంగా ఉంది. ముద్దాయి స్వయంగా చదువుకుని, రెండు తప్పులు దిద్ది, మడిచి హ్యాండ్‌బ్యాగులో పెట్టుకుంది.

ఉద్యోగం సంగతి చెప్పాను. ఆవిడ కొంగుతో ముఖం తుడుచుకుని, షరతులుంటాయంది. షరతులేమిటో చెప్పకముందే మీరు ఒప్పుకుంటున్నట్టు రాసివ్వాలట. లేకపోతే రాదట.

సెలవు,
మేస్త్రి

తా.క.: నేర్పేటప్పుడు నేనేం మాట్లాడనని కొట్టాయన చెప్పింది నిజం కాదు. బండి ఆగిపోయినప్పుడల్లా "మళ్ళీ" అంటాను. మొదట్లో రోజుకి నలభైసార్లు అనేవాణ్ణి. ఇప్పుడు వేరుశెనక్కాయలు తినడానికి తీరిక దొరుకుతోంది.


21వ తారీఖు

మేస్త్రికి,

ముద్దాయికి ఫిర్యాదు ఎలా చేరిందో నాకు అర్థం కావడం లేదు. పోలీసులు కూడా నీ చుట్టాలేనా? పోనీలే.

ఆవిడ ఏ షరతు పెట్టినా ఒప్పుకుంటున్నాను. ఇది నా సొంత దస్తూరీ, కింద నా సంతకం. మాట తప్పితే బోర్డు నేనే దింపేస్తాను.

ఇట్లు,
మాస్టారు

తా.క.: ఇంట్లో చెప్పకు. పరాయి ఆడమనిషిని పనిలో పెట్టుకుంటున్నానంటే మా ఆవిడ ఏమనుకుంటుందో ఏమో.


24వ తారీఖు

ఏమండీ,

మీకు నేను రాసే మొదటి ఉత్తరం ఇది. ఒకే ఇంట్లో ఉంటూ రాసుకునే అవసరం ఏముంటుంది అనుకునేదాన్ని. కానీ నోటితో మొదలుపెడితే మీరు మధ్యలో అరుస్తారు. కాగితాన్ని చివరిదాకా చదవక తప్పదు.

ఆ ముడి నాదే. ఇరవై రెండేళ్ళుగా మీ కళ్ళముందే తిరుగుతున్న ముడి. మేడమీంచి గుర్తుపడతారని నా ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని ఉంటే, మీరు క్లచ్‌నే చూశారు.

మేస్త్రన్నయ్యని ఏమీ అనకండి. కారు మూడువందల కిలోమీటర్లు మెల్లగా నడిపే మనిషి కావాలంటే నేనే చెయ్యెత్తాను. నేర్చుకునే లైసెన్సు మీకు తెలీకుండా అప్పటికి మూడుసార్లు తీశాను. రెండుసార్లు గడువైపోయింది, నాకు ధైర్యం చాలక.

ఎనిమిదేళ్ళ కిందట మీరు నాకు నాలుగు రోజులు నేర్పారు. నాలుగో రోజు నాలుగు రోడ్ల కూడలిలో బండి ఆగిపోతే, చుట్టూ జనం చూస్తుండగా, "నీకు బుర్ర ఉందా" అని అరిచారు. నేను తలుపు తీసుకుని దిగిపోయాను. మీరు అరిచింది ఒక్క నిమిషం. నేను ఏడ్చుకుంటూ నడిచింది మూడు కిలోమీటర్లు. ఇంటికొచ్చాక మీరు కాఫీ అడిగారు, నేను ఇచ్చాను. అంతటితో అయిపోయిందని మీరనుకున్నారు. నాకు మాత్రం ఇవాళ పదకొండు గంటలకి అయిపోయింది, పరీక్ష తీసుకునే ఆఫీసరు "పాస్" అన్నప్పుడు. మిమ్మల్ని బాగా దెప్పాలనిపించింది. ముందు మీకే చెప్పాలని కూడా అనిపించింది.

నేను ఇప్పుడే ఎవరికీ నేర్పలేను, దానికి ఇంకా అనుభవం కావాలి. కానీ ఉద్యోగంలో చేరుతున్నాను. మీరు సంతకం పెట్టిన కాగితం నా దగ్గరే ఉంది. నా షరతు ఒక్కటే. ఇరవై ఎనిమిదో తారీఖు పరీక్షదాకా ప్రతి క్లాసులో నేను వెనక కూర్చుంటాను. మీరు గొంతు లేపితే దిగి ఇంటికి నడిచొచ్చేస్తాను. ఉన్న ఏడుగురినీ, మానేసిన నలుగురినీ నిన్న వాళ్ళ ఇళ్ళకెళ్ళి కలిశాను. అందరూ రేపు వస్తామన్నారు. నేను దిగిపోతే వాళ్ళూ నాతోపాటే నడుస్తామన్నారు.

ఈ ఉత్తరం మేస్త్రన్నయ్య మీకిచ్చేసరికి నేను గేటు బయట కారులో ఉంటాను. ఇంజన్ ఆపలేదు, టకటక ఉందేమో చెవి పెట్టి వినండి. చెప్పులేసుకుని రండి, అలా ఊరు చుట్టి వద్దాం.

మీ
ఆవిడ

తా.క.: పక్క సీట్లో మీ కాలికింద ఇంకో బ్రేకుంది. అందుకని మీరు వెనక కూర్చోండి.