హల్వా డబ్బాకు యాభై మీటర్లు

టాంటా,
1 అక్టోబరు 1994

ఇంజనీరు వగీహ్‌కు సలాం.

మీ అమ్మగారు మా ఇంటికి వచ్చి మా అమ్మాయి నగ్వాను నీకిమ్మని అడిగి వెళ్లారు. మేం అవుననలేదు, కాదనలేదు. కాఫీ ఇచ్చాం. మా అన్న కొడుకు కూడా కువైట్ నుంచి అడుగుతున్నాడు, ఫ్రిజ్ పంపిస్తానంటున్నాడు. ఫ్రిజ్ నాకుంది. లేనిది వేరే ఉంది.

1971లో నా చేతులతో నేనే హల్వా డబ్బాలో ఒక ప్రీ-యాంప్లిఫైయర్ కట్టుకున్నాను. రికార్డులోని పాటను అందుకుని, కాస్త బలం పట్టించి పెద్ద యాంప్లిఫైయర్‌కు అందించేది అదే. ఇరవై మూడేళ్లలో అది ఒక్కసారీ గుర్రుమనలేదు. నా మోకాళ్లే గుర్రుమంటున్నాయి. సౌండు పెంచాలన్నా తగ్గించాలన్నా సోఫాలోంచి లేవాలి. ఇక లేవను. కూర్చున్నచోటు నుంచే నాబ్ తిరగాలి.

దూరం: 50 మీటర్లు.

పాటలో గుర్రు రాకూడదు. ఎప్పుడైనా చేత్తో తిప్పినా తిరగాలి. ఇది నువ్వు చేసి పెడితే నవంబరు 11, శుక్రవారం, రెండు కుటుంబాలూ కూర్చుని ఖురాన్‌లోని ఫాతిహా చదువుకుని మాట ఖాయం చేసుకుందాం. లేదంటే ఫ్రిజ్ సంగతి ఆలోచిస్తాను.

ఇట్లు,
ఉస్తాద్ తుహామీ,
లెక్కల మాస్టారు (రిటైర్డ్)

తా.క. ఈ ఉత్తరం మా ఆవిడ బహీగా పోస్టు చేస్తుంది. మోకాళ్ల సంగతి చెప్పానుగా.

*

షుబ్రా, కైరో,
5 అక్టోబరు

మహారాజశ్రీ మామగా... క్షమించాలి, ఉస్తాద్ తుహామీ గారి సముఖానికి,

తమ ఉత్తరం అందింది. నిలబడి ఒకసారి, నడుస్తూ రెండుసార్లు చదివాను. అప్పటి నుంచి నడుస్తూనే ఉన్నాను. "గచ్చు అరిగిపోతోంది, కూర్చోరా" అంటోంది మా అమ్మ. ఎలా కూర్చోను? నవంబరు 15న నేను తప్పనిసరి సర్వీసుకు సైన్యంలో చేరాలి. ఈలోగా ఫాతిహా కాకపోతే, నేను ఎడారిలో తుపాకీ తుడుస్తూ ఉండగా ఇక్కడ ఫ్రిజ్ దిగిపోతుంది.

ఇక పని సంగతి. నాబ్ వెనకాల ఒక బుల్లి మోటారు పెడతాను. చేతిలోని రిమోట్ నొక్కితే కంటికి కనపడని వెలుగు వెళ్లి మోటారును లేపుతుంది, మోటారు నాబ్‌ను తిప్పుతుంది. తిప్పేశాక మోటారుకు కరెంటు ఆగిపోతుంది, కనుక గుర్రు ఉండదు. చేత్తో తిప్పితే మోటారు మర్యాదగా జారి పక్కకు తప్పుకుంటుంది, పెద్దల ముందు నాలాగే.

ఒక్క సందేహం. తమరు రాసిన దూరం చూస్తే మీ హాలు బహు విశాలమైనదని అర్థమైంది. నగ్వా ఎన్నడూ చెప్పలేదు, ఎంత అణకువ! ఆ అంకె ఆ విధంగానే ఉంచమంటారా?

విధేయుడు,
వగీహ్

తా.క. కువైట్ ఫ్రిజ్ ఎన్ని ఘనపుటడుగులది? శత్రువు సైజు తెలిస్తే మంచిది.

*

టాంటా,
9 అక్టోబరు

వగీహ్‌కు సలాం.

"మామగా" దాకా రాసి ఆగిపోయావు. పూర్తిగా రాస్తే తిట్టేవాణ్ణి, అసలు రాయకపోతే మెచ్చుకునేవాణ్ణి. ఇప్పుడేం చేయాలో తెలియడం లేదు.

మా హాలు పెద్దదే. మా నాన్న కట్టించాడు. అందులో సందేహమేం? ఇక అంకె సంగతి. ముప్పై ఒక్క ఏళ్లు లెక్కలు చెప్పాను. నేను బోర్డు మీద వేసిన అంకెను "మళ్లీ ఒకసారి సార్" అన్నవాడు ఆ గంటంతా వరండాలో నిలబడ్డాడు. రాసింది రాసినట్టు చెయ్యి.

డబ్బాను దుప్పట్లో చుట్టి బహీగాతో రైల్లో పంపుతున్నాను. దించేటప్పుడు రెండు చేతులతో దించు.

ఇట్లు,
ఉస్తాద్ తుహామీ

తా.క. ఫ్రిజ్ పన్నెండు ఘనపుటడుగులదట. నగ్వా నీకు సలాం చెప్పమంది. చెప్పనన్నాను. రాసేశాను కాబోలు.

*

షుబ్రా,
23 అక్టోబరు

మహారాజశ్రీ ఉస్తాద్ గారికి (చూశారా, ఈసారి తడబడలేదు),

హల్వా డబ్బాను బహీగా గారితో తిరిగి పంపుతున్నాను. రెండు చేతులతోనే ఎత్తాను.

తమరు కోరిన దూరం కోసం రిమోట్‌లో పదహారు దీపాలు, ముందు ఒక భూతద్దం పెట్టాల్సి వచ్చింది. అందుకే అది రిమోట్‌లా కాక ఇటుకలా ఉంది. పరీక్ష కోసం డబ్బాను మా మేడ మీద పెట్టి, నేను పక్క వీధి మేడెక్కాను. అక్కడ బయ్యూమీ బాబాయ్ పావురాలు పెంచుతాడు.

"ఒరేయ్, ఆ ఇటుకతో నా పావురాలకు గురిపెడతావేంట్రా?" అన్నాడు.

"గురి పావురాలకు కాదు బాబాయ్. పెళ్లి చేసుకుంటున్నాను."

"దానికి మేడలెక్కడం దేనికిరా? మేమంతా కింద నుంచే చేసుకున్నాం!"

అంతలో అవతలి మేడ మీద నాబ్ తిరిగింది. మా అమ్మ అక్కడ నిలబడి తువ్వాలు ఊపింది.

బహీగా గారు నా పని పక్కనే కూర్చుని చూశారు. "దూరం దగ్గర మాత్రం రాజీ పడకు నాయనా, ఒక్క అడుగు కూడా తగ్గించకు" అన్నారు. భర్త సుఖం కోసం ఎంత ఆరాటం! ఆవిడ సలహా మీదే రిమోట్లు రెండు చేశాను, ఒకటి పోయినా ఇంకొకటి ఉంటుందని.

ఆ శుక్రవారం కోసం ఎదురుచూస్తూ, నడుస్తూ,
వగీహ్

తా.క. మీ ఉత్తరం తర్వాత మా అమ్మ మా ఫ్రిజ్‌ను కొలిచింది. ఎనిమిది ఘనపుటడుగులే. మళ్లీ కొలిచింది, పెరగలేదు.

*

టాంటా,
30 అక్టోబరు

వగీహ్‌కు,

సలాం తర్వాత చెబుతాను.

సోమ, మంగళ, బుధవారాలు నాబ్ చెప్పినట్టు విన్నది. గుర్రు లేదు. నీకు పంపుదామని వేయించిన శనగలు రెండు కిలోలు కట్టించాను కూడా. గురువారం సాయంత్రం ఎప్పటిలా మంచి రికార్డు పెట్టుకుని, కిటికీలు బార్లా తెరిచి, సౌండు పెంచి సోఫాలో కూర్చున్నాను. పాట అందుకోగానే నాబ్ దానంతటదే వెనక్కి తిరిగింది. నేను పెంచాను. అది తగ్గించింది. మళ్లీ పెంచాను, మళ్లీ తగ్గించింది. నా డబ్బా, నా మీదే తిరగబడింది!

కింది ఇంటాయన్ని పిలిచాను. చూసి, "ఉస్తాద్, ఇది ఇఫ్రీత్ దయ్యం పనే. సందేహం లేదు" అన్నాడు.

"ఇఫ్రీత్‌కు సౌండుతో ఏం పనయ్యా?"

"దానికీ చెవులుంటాయి కదండీ!"

కర్టెన్ వేస్తే ఆగింది. అంటే ఇఫ్రీత్ వీధిలో ఉందన్నమాట. అదృష్టం, ఆ సమయానికి బహీగా ఇంట్లో లేదు. మైదానం అవతల వాళ్ల చెల్లెలు అఫాఫ్ ఇంటికి వెళ్లింది. ఉంటే హడలిపోయేది.

పదకొండో తేదీలోగా దీని సంగతి తేల్చు. ఇఫ్రీత్ పట్టిన ఇంట్లో ఫాతిహా చదివేది పెళ్లికి కాదు, పోయినవాళ్లకు.

ఉస్తాద్ తుహామీ

తా.క. శనగలు నేనే తింటున్నాను. రెండో రిమోట్ కనిపించడం లేదు. సోఫా సందులో పడి ఉంటుంది.

*

షుబ్రా,
2 నవంబరు

ఉస్తాద్ గారికి,

ఈ ఉత్తరంలో వేళాకోళం లేదు. నిద్ర కూడా లేదు.

మీ ఉత్తరం అందినప్పటి నుంచి సర్క్యూటు మూడుసార్లు గీసి చూశాను. తప్పు లేదు. ట్యూబులైటా, ఎండా అని ఆలోచించాను. గురువారం ఒక్కరోజే ఎండ కాస్తుందా? ఇఫ్రీత్‌ల గురించి మా కాలేజీలో చెప్పలేదు.

ఒక్కటే తోస్తోంది. మామూలు రిమోట్ హాలు దాటదు. తమరు కోరినది వీధి దాటుతుంది. యాభై మీటర్లంటే యాభై మీటర్లే చేశాను. నా మాట నమ్మకపోతే, తమ స్వహస్తాలతో రాసిన మొదటి ఉత్తరాన్ని ఇందులో పెట్టి పంపుతున్నాను. అంకె చూడండి.

నాకు తొమ్మిది రోజులే ఉన్నాయి. దయచేసి వెంటనే రాయండి.

వగీహ్

తా.క. మా అమ్మ ఆదివారమే కొత్త బట్టలు ఇస్త్రీ చేసి పెట్టింది. రోజూ మళ్లీ చేస్తోంది.

*

టాంటా,
6 నవంబరు

వగీహ్‌కు,

నా ఉత్తరం చూశాను. నేను రాసింది ఐదు. సోఫాకూ డబ్బాకూ దూరం ఐదు మీటర్లు. మన అంకెల్లో ఐదంటే చిన్న గుండ్రం, సున్నా అంటే ఒట్టి చుక్క. గుండ్రం పక్కన ఎవడో చుక్క పెట్టాడు. ఐదు యాభై అయింది.

నా సిరా నలుపు. ఆ చుక్క నీలం. నీ ఉత్తరాలన్నీ నీలం సిరాతోనే ఉన్నాయి. ముప్పై ఒక్క ఏళ్లలో మార్కులు దిద్దుకున్న దొంగల్ని వందమందిని పట్టుకున్నాను. నీ గొప్ప చూపించుకోవడానికి అంకె మార్చావు. అంకెలు మార్చేవాడికి నా కూతుర్నివ్వను. శుక్రవారం రావద్దు.

ఉస్తాద్ తుహామీ

తా.క. ఈ ఉత్తరం కూడా బహీగాయే పోస్టు చేస్తుంది. నగ్వాకు ఇంకా చెప్పలేదు.

మరో తా.క. నాయనా వగీహ్, ఇది బహీగా రాస్తున్నది. కవరు ఇంకా అంటించలేదు. ఆ చుక్క నాది. నగ్వా పెన్నుతో పెట్టాను.

ఇరవై మూడేళ్లుగా ప్రతి గురువారం ఈయన పాట పెడతాడు, నేను అఫాఫ్ ఇంటికి పారిపోతాను. మైదానం దాటినా పాట నా వెనకే వచ్చి బాల్కనీలో కూర్చుంటుంది. ఆ బాల్కనీకీ మా కిటికీకీ మధ్య దూరం అడుగులేసి కొలిచాను. యాభై మీటర్లకు కాస్త తక్కువే. సోఫా సందులో ఏమీ పడలేదు, రెండో ఇటుక ఇన్నాళ్లూ నా సంచిలోనే ఉంది, గురువారం ఆ బాల్కనీ నుంచి నొక్కింది నేనే.

నీ మీద నింద పడ్డాక ఊరుకోలేకపోయాను. పై ఉత్తరం చదివి, ఈయన ఎదుట ఇటుక పెట్టి అంతా చెప్పేశాను. కోపంగా లేవబోయాడు. మోకాళ్లు లేవనివ్వలేదు. "ఇన్నేళ్లూ ఒక్కమాట చెప్పలేదేం బహీగా?" అన్నాడు.

"చెప్పానండీ, ప్రతి గురువారం చెప్పాను. మీకు వినపడలేదు, పాట మోగుతుండేది" అన్నాను.

 తర్వాత తనే రిమోట్ తీసి, మోగుతున్న పాట సౌండు తగ్గించాడు. నేనేమీ అడగలేదు.

కాబట్టి పైన రాసిందంతా కొట్టివేత. శుక్రవారం సాయంత్రం అసర్ నమాజు కాగానే మీ అమ్మగారిని తీసుకుని రా. ములూఖియా ఆకుకూర చేస్తాను. మిగిలిన శనగలు దాచి ఉంచాను. ఈయన్ని మామగారూ అని పూర్తిగానే పిలువు, ఆగకు.

నువ్వు సైన్యం నుంచి తిరిగొచ్చాక నగ్వాకూ ఒక ఇటుక కావాలట, నీ మాటల సౌండు తగ్గించడానికి. దూరం ఐదు అని రాసుకో. చుక్క తనే పెట్టుకుంటుందట.