స్ట్రాలు అడిగితే

స్టోర్సు గుమాస్తాగారికి,

నమస్కారం. ఇంకా కోపం రాలేదు కాబట్టి పెడుతున్నాను. మా పశువుల కేంద్రంలో క్యాన్‌లోని నైట్రోజన్ అడుగంటి, అది చల్లగా ఉంచే ఎద్దు వీర్యమంతా పాడైంది. ఎద సూది వేసే గన్ చేతిలో ఉంది, ఎక్కించడానికే ఏమీ లేదు. పాలమ్మే మా పిన్ని ఇల్లు ఒక్క ఆవు మీద నడుస్తోంది. అది రెండుసార్లు చూడి కట్టలేదు. ఈసారీ కట్టకపోతే కబేళాకి తోలేస్తానని బాబాయి తలుగు విప్పి చేతిలో పట్టుకుని కూర్చున్నాడు. యాభై స్ట్రాలు వెంటనే పంపండి.

ఇట్లు,
పశువులకి సూదులేసే అమ్మాయి

తా.క.: ఎద మీ సంతకం కోసం ఆగదు.

*

చిరంజీవి సూదుల అమ్మాయికి ఆశీస్సులు.

ఆఫీసు వ్యవహారమంతా మన భాషలోనే జరగాలని పైనుంచి ఆదేశం. అందుచేత నీ స్ట్రాను తెలుగు చేసి, యాభై మోపుల గడ్డి లారీకెత్తించాను.

ఇట్లు,
స్టోర్సు గుమాస్తా

తా.క.: గన్ సంగతి ఇకపై ఉత్తరాల్లో రాయకు. మా వాచ్‌మన్ భయస్తుడు.

*

గుమాస్తాగారికి,

ఈసారి నమస్కారం లేదు. మీ గడ్డి గుమ్మానికి అడ్డంపడి, కిటికీలోంచి డ్యూటీలోకి దిగుతున్నాను. స్ట్రా అంటే గొట్టమండీ. సన్నటి గొట్టం. చల్లగా ఉండాలి. ఈ ఎద దాటిపోయింది. వచ్చే ఎద దాకా ఆగమని బాబాయి కాళ్ళు పట్టుకున్నాను.

ఇట్లు,
మండిపోతున్న సూదుల అమ్మాయి

తా.క.: గడ్డి పిన్ని ఆవు తింటోంది. ఇది థ్యాంక్స్ కాదు, సమాచారం.

*

చిరంజీవికి,

పొరపాటుకు చింతిస్తున్నాను. సన్నటి గొట్టాలు, చల్లటివాటికి వాడేవి, యాభై పంపాను. రంగు చెప్పలేదు గనక అన్ని రంగులూ పెట్టించాను.

ఇట్లు,
స్టోర్సు గుమాస్తా

తా.క.: వంచితే వంగుతాయి కూడా.

*

గుమాస్తాగారికి,

మీ గొట్టాలతో పిన్ని పిల్లలు కూల్‌డ్రింకులు తాగారు. మళ్ళీ ఎద రాగానే నేను పక్క కేంద్రానికి పోయి, అక్కడి డాక్టరుతో పోట్లాడి, చిన్న క్యాన్‌లో వీర్యం నింపిన స్ట్రా ఒకే ఒక్కటి తెచ్చాను. గోరువెచ్చటి నీళ్ళలో ముంచి, గన్‌లోకి ఎక్కించి, భుజం దాకా గ్లవ్ తొడుక్కుని వేశాను. మూడు నెలలు ఆగి ఇవాళ చెయ్యి పెట్టి చూశాను. కట్టింది. బాబాయి తలుగు తెచ్చి మళ్ళీ గుంజకి కట్టాడు.

ఒక మాట ఒప్పుకోక తప్పదు. అంతకుముందు ఆ ఆవు ఎముకల గూడు. ఆ ఒంట్లో చూడి ఎలా నిలుస్తుంది? మీ గడ్డి తిన్నాకే ఒళ్ళు చేసింది. ఇంకో యాభై మోపుల గడ్డి పంపండి.

ఇట్లు,
గెలిచిన సూదుల అమ్మాయి

తా.క.: నమస్కారం.

*

చిరంజీవికి ఆశీస్సులు.

ఈసారి ఉత్తరం చూడగానే అర్థమైంది. రెండుసార్లు తప్పు చేసినవాణ్ణి, మూడోసారి చేస్తానా? నువ్వు గడ్డి అన్నావంటే వీర్యపు స్ట్రాలే అని మా ఆఫీసరుకు నచ్చజెప్పి, నైట్రోజన్ నిండుగా పోయించిన క్యాన్‌లో యాభై పంపుతున్నాను.

ఇట్లు,
నీ మనసెరిగిన గుమాస్తా

తా.క.: మోపు అన్నావు గనక క్యాన్ చుట్టూ తాడు కూడా కట్టించాను.