దినాల నాటి సంతకం

శ్రీలతా,

మీ అమ్మ దినాల నాడు అప్పు వసూలుకు వచ్చిన కిస్తులోళ్లకు నువ్వు విస్తరేసి అన్నం పెట్టినవ్. దినాలకు వచ్చినోళ్లను తినకుండ పంపొద్దంటరు, అది ఏడ్వడానికి వచ్చినోళ్ల సంగతి. వాళ్లు తిని లేస్తూ "మీ అమ్మ మాట మీద నిలబడే మనిషమ్మా" అన్నరు. ఆ ఒక్క మాటకు కరిగి, ఆమె అప్పు నేను కడతనని కాయితం మీద సంతకం చేసినవ్. జొరంతో పడుకున్న మీ అమ్మను అరుగు మీద కూసొని వాడంతా వినేటట్టు తిట్టింది వాళ్లే. నువ్వు మరిచినవ్. నేను మరవలే.

భువనగిరి కోర్టుకు పోతున్న. అప్పు ఆమె పేరు మీదనే ఉన్నది, ఆమె ఆస్తి ఏం రాలేదు, బిడ్డ కట్టే పని లేదని అక్కడ ఉచితంగ చూసే వకీలు మొన్ననే చెప్పిండు. నీ సంతకం ఎట్ల కొట్టేపియ్యాల్నో ఇయ్యాల అడుగుత.

వాళ్లొస్తే గడప దాటనియ్యకు. గుర్తింపు కార్డు చూపియ్యమను. పైస ఇయ్యకు, ఇంకో కాయితం ముట్టకు. గట్టిగ మాట్లాడితే ఫోన్ల రికార్డు చెయ్యి. మగ్గం గుంజుకపోతమంటే భయపడకు, వాళ్లకు ఆ హక్కు లేదు.

మగ్గం మీది చీరను నువ్వు కూడ నెయ్యకు. ఆ నూలుకు ఆసు పోసింది, పోగు పోగు చట్రానికి చుట్టింది మీ అమ్మ. అది అయిపోయి అమ్ముడుపోతే ఆమె చేతిది ఇంట్ల ఇంకేం మిగలదు.

పప్పు పొయ్యి మీద ఉన్నది. తిను.

నాయిన

వకీలు ఏమన్నడో వచ్చి చెప్త. ఆ విస్తరి ముచ్చట మాత్రం ఇగ నా నోట రాదు. మాఫ్ చెయ్యమని నువ్వు ఏడ్చి అడిగినా రాదు.