నా కేకను ఓట్ల సభల నుండి విడిపించుట గురించి

వరద రక్షణ అధికారి గారి సముఖమునకు, ఏటిదరి వీధుల్లో మైకుబండి నడుపుకొనువాడు వ్రాసుకొన్న మనవి.

విషయం: నా గొంతును పార్టీ ప్రచారం నుండి తొలగించి, వరద హెచ్చరికకు మాత్రమే ఉంచుట గురించి.

అయ్యా,

1. తమ కార్యాలయ ఆదేశం మేరకు వరద చాటింపు వేయుట నా వృత్తి. నిరుడు ఏరు పొంగినప్పుడు "లేవండమ్మా, లేవండి! మూటలొదిలేయండి, పిల్లల్నెత్తుకుని బడి మేడెక్కండి!" అని గొంతు చించుకున్నాను. జనం లేచారు, బతికారు.

2. ఆ కేకను ఎవరో ఫోనులో పట్టారు. 'మన గడ్డ' పార్టీ వారు నన్నడగకుండానే దానిని ప్రచార బండ్లకు ఎక్కించారు. ముందు నా కేక, వెంటనే నాయకుని గొంతు: "ఈ నీళ్లు మన మీదకు తోసిందెవరు? ఎగువ వాళ్లు కాదా?" మండుటెండల్లోనూ అదే పాట. ఏటిగట్టుకు పడిన గండిని మాత్రం పూడ్చలేదు. దాని పక్కనే వేదిక కట్టారు. ఈ విషయమై ఇదివరకే ఫిర్యాదు చేసియున్నాను. "పరిశీలనలో ఉన్నది" అని తమరు సెలవిచ్చితిరి.

3. మొన్నటి వానకు ఆ గండిలోంచే నీళ్లొచ్చాయి. బండి తీసి అవే మాటలు అరిచాను. నాకు వేరే మాటలు రావు. ఒక్క తలుపూ తెరుచుకోలేదు. ఒకాయన కిటికీలోంచి "ఓటు మీకేలేవయ్యా, పో" అన్నాడు.

4. మా చెల్లెలి ఇల్లు ఆ చివరి సందులో. బండి పట్టదు. దిగి పరుగెత్తేసరికి మెడలోతు నీళ్లు. బిడ్డను దూలమెక్కించి బయటపడ్డ మా బావ తర్వాత చెప్పాడు. నా కేకకు ఆయన లేవబోతే, "మా అన్నయ్య కాదులెండి, పార్టీవాళ్లు. పడుకోండి" అందట. తోడబుట్టినదానికే నా గొంతు పరాయిదైంది. దీనిని ఏ శాఖకు నివేదించవలెనో తెలియక ఇక్కడే వ్రాసితిని.

5. ఇప్పుడు పోయిన మా చెల్లెలి ఫోటోతో "మన ఆడపడుచును మింగింది ఎగువ వాళ్లే" అని బ్యానర్లు కట్టారు. రేపటి సంతాపసభకు కూడా నా కేకే వేస్తారట. గండి అలాగే ఉంది. మబ్బు మళ్లీ కమ్ముకొస్తోంది.

కావున ఆ రికార్డును నిషేధించి, గండి పూడ్పించవలెను. అంతవరకు చాటింపునకు జనం ఎన్నడూ వినని కొత్త గొంతును నియమించవలెను. నా పని పోయినా సరే. వాన పడేలోగా చిత్తగించవలెను.

తమ విధేయుడు,
మైకుబండివాడు

తా.క.: దూలమెక్కి బతికిన నా మేనకోడలు ఇంకా ఆ సందులోనే ఉంది. నిన్న వెళ్లి, "నీళ్లొస్తాయే, మా ఇంటికి పద" అన్నాను. అది నా మొహంలోకి చూసి, "నిజంగానా మామయ్యా, మీటింగుకా?" అంది. దాని తల మీద చేయి పెట్టి ఒట్టేశాను. అయినా చెప్పులు వేసుకోలేదయ్యా.